రెండో దులుపు

తాళాలక్క మొదటి ముడి వేసింది మిట్టమధ్యాహ్నం, కూలివాళ్లు రేకుల షెడ్డు కింద క్యారేజీలు విప్పుకుని కూర్చున్నప్పుడు.

పాత దుప్పటి ఒకటి చింపి, వేలెడు వెడల్పు పీలికలు చేసి తెచ్చుకుంది. పడమటి గట్టు పక్క వరుసలో మొదటి నువ్వుకట్టను మెడ దగ్గర పట్టుకుని తనవైపు లాగి, పీలికను రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దోపి బిగించింది. ఆ ముడి ఆమె సొంతం. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది గానీ, ఎవరైనా విప్పి మళ్లీ వేస్తే కొస బయటికి వస్తుంది. ఇంట్లో బియ్యం బస్తాల నోళ్లకూ అదే ముడి. తాళం పట్టేవాటికి తాళం, పట్టనివాటికి ముడి. నడుముకు వేలాడే గుత్తిని బట్టి చుట్టుపక్కల అందరూ ఆమెను తాళాలక్క అంటారు. ఆ పేరు ఆమె చెవిన పడింది కూడా. అది మెచ్చుకోలే అని ఆమె నమ్మకం.

చేను కోసి వారమైంది. కోసిన మొక్కలను పిడికిలికి కాస్త మించిన కట్టలుగా కట్టి, ఆరేడు కట్టలను ఒకదానికొకటి ఆనించి ఒక్కో కుప్పగా, తలలు పైకి ఉండేలా చేనంతా నిలబెట్టారు. నువ్వుకాయ ఎండితే కొస దగ్గర నోరు తెరుస్తుంది. తల పైకి ఉండి, ఎవరూ కదపనంత కాలం గింజ లోపలే ఉంటుంది. బాగా ఎండాక ఒక్కో కట్టను నేల మీద పరిచిన పట్టా మీదికి తెచ్చి, తలకిందులుగా పట్టుకుని కర్రతో తడితే గింజ జలజలా రాలుతుంది. అది మొదటి దులుపు. మళ్లీ నాలుగు రోజులు నిలబెట్టి, లోపల మొండికేసి కూర్చున్న గింజను కూడా రాల్చితే రెండో దులుపు. దాంతో పంట ఇంటికొచ్చినట్టు.

ఆమె అనుమానానికి కారణం ఉంది. కారణం లేని రోజు ఆమెకు ఎప్పుడూ లేదనుకోండి, ఈసారి మాత్రం అది కంటికి కనిపించింది. కోసిన రోజు నుంచీ మధ్యాహ్నాలు చేనులో తిరిగి, కట్టలను వంచి చూడటం ఆమెకు అలవాటు. ఆవేళ ఒక కట్టను వంచితే అడుగు కాయలు ఖాళీగా ఉన్నాయి. లోపలి అరలు ఊడ్చి పెట్టినట్టున్నాయి. పోనీ రాలిందనుకుందామంటే నేల మీద పట్టుమని పది గింజలు లేవు.

'గింజకు కాళ్లొచ్చాయి కాబోలు' అనుకుంది.

ఎవరి కాళ్లన్న దానికి ఆమె ఎక్కువ దూరం వెతుక్కోలేదు. చేనుకు తూర్పు చివర రేకుల కప్పు వేసిన ఒంటిగది ఉంది. అందులో చేటమ్మ ఉంటోంది. పదకొండేళ్లుగా ఈ చేనులో విత్తడం నుంచి బస్తా కుట్టడం దాకా అన్నీ ఆమే. చేట చేతిలో పట్టుకుని నాలుగుసార్లు ఎగరేసిందంటే గింజ ఒక పక్కకు, ఇసుక ఒక పక్కకు విడిపోవలసిందే. ఆ పేరు అలా వచ్చింది. గది పనితోపాటు వచ్చింది. పని పోయిన రోజున గది కూడా ఖాళీ చెయ్యాలి. ఈ సంగతి తాళాలక్క ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు, అనవలసిన అవసరమూ రాలేదు.

ఆ మధ్యాహ్నం నలభై ముళ్లు పడ్డాయి. మర్నాటి మధ్యాహ్నానికి నూటయాభై. ముడి వెయ్యడంతో పని అయిపోదు కదా, వేసినదాన్ని చూసుకోవాలి. ఎండ మాడు పగలగొడుతుంటే తలమీద తువ్వాలు వేసుకుని, వరుస వెంట నడుస్తూ ఒక్కో కట్టను మెడ పట్టుకుని లాగి, ముడి తిప్పి చూసి, వదిలేసి, పక్కదానికి వెళ్లేది. కూలివాళ్లు కనిపిస్తే మొహాల్లోకి చూస్తూ, "చేనులో నువ్వు పోతే ఎలా?" అనేది. ఒక్క ముడి కూడా చెదరలేదు, కాయలు మాత్రం ఖాళీ అవుతూనే ఉన్నాయి. దాంతో మనసు కుదుటపడకపోగా ఇంకా ఉడికిపోయింది. దొంగ తన ముడిని కూడా నేర్చేసుకుందన్నమాట.

మూడో రోజు తెల్లవారుజామున, ఇంకా మంచు ఆరకముందే, ఆమె గట్టు మీదికి వచ్చేసరికి పడమటి వైపు నుంచి చేటమ్మ ఎదురొచ్చింది. చంకలో చీపురు. భుజాన దుప్పటి మూట.

"పొద్దున్నే చీపురేమిటే?"

"గది ముందు ఊడ్చానక్కా."

"గది అటుంది. వచ్చేది ఇటునుంచి."

చేటమ్మ వెనక్కి తిరిగి చూసింది, పడమర ఎక్కడుందో అప్పుడే తెలిసినట్టు. "కాస్త అటు కూడా ఊడ్చాను" అంది.

"మూటలో ఏముంది?"

"మట్టి" అంది చేటమ్మ. అనేసి నడుస్తూనే వెళ్లిపోయింది.

మట్టిని దుప్పటిలో కట్టుకుని మోసుకెళ్లే మనిషిని తాళాలక్క పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. సరాసరి పడమటి వరుసకు వెళ్లింది. మూడో కుప్పలో రెండు కట్టలను వంచి చూసింది. కట్ట ఉంది. మెడకు తన పీలిక ఉంది. ముడి కొస లోపలే ఉంది. గింజ మాత్రం లేదు. పై నుంచి కింది దాకా ఒక్కో కాయా నోరు వెళ్లబెట్టుకుని ఖాళీగా ఆమె మొహంలోకి చూసింది. పక్క కుప్పలో ఇంకో నాలుగు కట్టలు అంతే. ఆమెకు ఒళ్లు మండిపోయింది. దొంగతనం ఒక ఎత్తు, తన ముడిని అలాగే ఉంచి వెక్కిరించడం ఇంకో ఎత్తు.

ఇంటికెళ్లి మరదలితో చెప్పింది. తమ్ముడు లారీ నడుపుతూ నెలలో ఇరవై రోజులు దారుల్లోనే ఉంటాడు కనుక ఇంట్లో మాట్లాడటానికి మిగిలింది తమ్ముడి భార్యే. ఆ పిల్ల మంచిదే గానీ, నోట్లో నువ్వుగింజ నానదు. పొయ్యి మీద పాలు పొంగినా పక్కింటికి వెళ్లి చెప్పి వచ్చి అప్పుడు దించే రకం. అలాంటిది ఈ మాట వినగానే గిన్నె తోముతున్న చెయ్యి ఆపి, మళ్లీ తోమడం మొదలుపెట్టింది.

"చేటమ్మా? ఛ, ఉండదు వదినా" అంది.

"ఉండదని నీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను."

"నువ్వు ఊరికే ఒక్క మాటతో ఆపవే! ఇవాళేమిటి ఇంత పొదుపు?"

మరదలు గిన్నెకు లేని మసిని గీకసాగింది. తాళాలక్క ఆ వంచిన తలను చాలాసేపు చూసింది. ఇంటి దొంగ కూడా ఉందన్న ఆలోచన అప్పుడే మొలకెత్తింది. సాయంత్రానికి దానికి ఆకులు కూడా వచ్చాయి.

ఆ సాయంత్రమే మోటారు షెడ్డు దగ్గర కాళ్లు కడుక్కోవడానికి వెళ్తే గోడ అవతల నుంచి మాటలు వినిపించాయి. చేటమ్మా, కూలికొచ్చే పొడుగామే.

"పడమటి వైపు సగం కొట్టేశాను" అంటోంది చేటమ్మ. "మిగతాది రేపూ ఎల్లుండీ కొట్టేస్తే ఇక భయం లేదు."

"అక్కకి తెలిస్తే?"

"తెలీదులే. కట్టల్ని మళ్లీ ఉన్నచోటే పెట్టేస్తున్నాగా."

తాళాలక్క చెయ్యి కుళాయి మీదే ఉండిపోయింది. కట్టను దులపడాన్ని కొట్టడం అంటారు, నిజమే. కానీ దులుపుకు ఇంకా మూడు రోజులుంది. పట్టాలు ఇంకా ఇంట్లో తన తాళం కిందే ఉన్నాయి. తను చెప్పకుండా చేనులో కర్ర ఎత్తే అధికారం ఎవరికుంది? మరి ఆ కొట్టెయ్యడం ఏ కొట్టెయ్యడమో పసిపిల్లకు కూడా అర్థమవుతుంది. ఆమె కాళ్లు కడుక్కోకుండానే ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు కూలివాళ్లంతా దక్షిణం వైపు కళ్లం చదును చేస్తున్న సమయం చూసి, గుత్తిలోంచి వెతికి వెతికి, ఒంటిగదికి రెండో తాళంచెవి తీసింది. ఆ తాళంచెవి తన దగ్గర ఉందని చేటమ్మకు తెలియదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా వాడలేదు కాబట్టి తెలిసే అవకాశం లేదు.

లోపల ఒక మంచం, ఒక స్టవ్వు, దండెం మీద రెండు జతల బట్టలు. గోడకు చేట. ఒక మూల తడి మట్టి ఆరబోసి ఉంది. నిజంగా మట్టే. ఆమె దాన్ని కాలితో తొలగించి మంచం కిందికి వంగింది. అక్కడ బస్తా ఉంది. మూతి విప్పి చెయ్యి పెడితే మోచెయ్యి దాకా చల్లగా, జారుడుగా నువ్వులు. పిడికెడు తీసి కిటికీ వెలుగులో చూసింది. తన చేనువే. ఆ తెలుపు ఇంకెవరికీ లేదు.

నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమెకు కోపం కంటే సంతోషం ఎక్కువైంది. ఇన్నాళ్ల అనుమానాలకు ఒక బస్తా దొరికింది.

మధ్యాహ్నం అన్నాల వేళకు నలుగురు కూలివాళ్లూ షెడ్డు కిందికి వస్తుంటే తాళాలక్క అడ్డంగా నిలబడింది. వెనక బస్తా. పక్కన, ఇంటి నుంచి రమ్మని కబురు పెడితే వచ్చిన మరదలు.

"తినే ముందు అందరూ తలగుడ్డలు విప్పి దులపండి. చొక్కా జేబులు తిప్పండి. చేతుల మడతలు కూడా."

ఎండకూ దురదకూ అడ్డంగా ఆడవాళ్లంతా బట్టల మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుంటారు. ఆ మడతల్లో గింజ పడకుండా ఈ చేనులో పని చెయ్యడం ఎవరి తరమూ కాదు.

"మమ్మల్నా?" అంది పొడుగామె.

"నిజాయితీ ఉన్నవాళ్లకు నొప్పేమిటి?"

పొడుగామె తలగుడ్డ లాగి కొట్టినట్టు దులిపింది. ఎక్కడో ఐదారు గింజలు రాలాయి. రెండో ఆమె జేబులోంచి చిటికెడు. మూడో ఆమె చొక్కా విప్పుతూ ఏడ్చేసింది, ఆమెవి అసలేమీ రాలలేదు. చేటమ్మ వంతు వచ్చింది. నెమ్మదిగా ఒక చేతి మడత విప్పింది, తర్వాత రెండోది. అరచేతి గుంట నిండేన్ని గింజలు ఆమె కాళ్ల దగ్గర పడ్డాయి. తలగుడ్డ విప్పి దులుపుతుంటే నెరిసిన జుట్టు రేగి మొహం మీద పడింది. ఆమె దాన్ని వెనక్కి తోసుకోలేదు.

"చూశారుగా" అంది తాళాలక్క. "ఇది ఇవాళ్టిది. ఇదిగో ఇన్నాళ్లది." బస్తాను కాలితో ముందుకు నెట్టింది. "ఆమె మంచం కింద దొరికింది."

చేటమ్మ బస్తా వంక చూసింది, తర్వాత తన గది వైపు, తర్వాత తాళాలక్క నడుము వైపు.

"తలుపు తీశారా?" అంది. అంతే అంది.

"తియ్యకపోతే మొత్తం చేనే తీసుకుపోయేదానివి!"

"వదినా..." అంది మరదలు.

"నీ సంగతి తర్వాత చెప్తాను."

చేటమ్మ చేతిలో ఉన్న తలగుడ్డను ఒకసారి విదిలించింది. "రండక్కా" అని, ఎవరి కోసమూ ఆగకుండా పడమటి వరుసకు నడిచింది. ఏం చెయ్యబోతోందో తెలియక తాళాలక్క వెనకే వెళ్లింది. అందరూ వెళ్లారు. చేటమ్మ ఒక కుప్ప దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, కట్టల మొదళ్ల చుట్టూ తన నల్ల తలగుడ్డను పరిచింది. కట్టలకు చెయ్యి తగలకుండా, ఊపిరి బిగబట్టినట్టు, ఒక్కో మూలా లాగి సరిచేసింది. లేచి పక్కకు జరిగింది.

"మీ ముడి ఒకసారి చూసుకోండి" అంది. "రోజూ ఎలా చూసుకుంటారో అలాగే."

"ఎందుకు?"

"చూసుకోండక్కా."

తాళాలక్క కట్ట మెడ పట్టుకుని తనవైపు లాగింది. సన్నటి చప్పుడైంది, ఎవరో పక్కగదిలో బియ్యం పోసినట్టు. కిందికి చూస్తే నల్లగుడ్డ మీద తెల్లగా గింజ పరుచుకుని ఉంది. ఆమె చెయ్యి వదిలేసింది. కట్ట వెనక్కి వెళ్లి పక్క కట్టకు తగిలింది. ఇంకా కొంత రాలింది.

"ఇంకోటి" అంది చేటమ్మ.

ఆమె ఎందుకు లాగిందో ఆమెకే తెలియదు. రెండోది లాగింది. మూడోది లాగింది. ఏడు కట్టలూ అయ్యాక చేటమ్మ గుడ్డ నాలుగు చెంగులూ కలిపి ఎత్తితే అది కిందికి బరువుగా వేలాడింది.

"పొద్దున మంచుకు కాయ మూతి బిగుసుకుని ఉంటుంది. అప్పుడు ఏం చేసినా రాలదు. ఎండెక్కితే గాలికే భయపడాలి" అంది చేటమ్మ, కొత్తగా వచ్చిన కూలికి పని చెప్పేటప్పుడు మాట్లాడే గొంతుతో. "మధ్యాహ్నం మీరు లాగి వెళ్లాక, మీ కంటపడకుండా మొదళ్ల మట్టిలో రాలిందంతా తెల్లారి మట్టితో సహా ఊడ్చి, కడిగి, చెరిగి బస్తాలో పోశాను. మరీ నోళ్లు తెరుచుకున్న కట్టల్ని మంచులోనే దుప్పట్లో చుట్టి గది దగ్గరికి తీసుకుపోయి, ఎండ రాగానే కొట్టేసి, వట్టి కట్టల్ని తెచ్చి పెట్టేశాను. పెద్ద దులుపులో మీ రాశిలో కలిపేద్దామనుకున్నాను."

"ఆ బస్తా సంగతి నాకు తెలుసు వదినా" అంది మరదలు, ఇక ఆగలేక. "చెప్పొద్దని నేనే అన్నాను. మీవల్లే పోతోందని తెలిస్తే మీరు నొచ్చుకుంటారని. నాలుగు రోజుల్నించి ఆ మాట కడుపులో పెట్టుకుని నాకు అన్నం సహించడం లేదు."

తాళాలక్క చేతిలో ఒక పీలిక మిగిలిపోయి ఉంది. దాన్ని వేలికి చుట్టింది, విప్పింది.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా" అంది చివరికి. "ముట్టుకోవద్దని."

"అంటే ఏమనుకునేవారు?" అంది చేటమ్మ. "ఎందుకు ముట్టుకోవద్దంటోందా అని ఇంకో వంద ముళ్లు వేసేవారు."

అది నిజమని అక్కడున్న ఐదుగురికీ తెలుసు. ఆరో మనిషి తాళాలక్కకూ తెలుసు. తప్పయిపోయిందన్న మాట గొంతు దాకా వచ్చింది. జీవితంలో ఎప్పుడూ అనని మాట కనుక దానికి దారి తెలియలేదు. "సరే, తినండి. పొద్దుపోతోంది" అంది. ఆవేళ ఎవరూ తినలేదు. క్యారేజీలు కట్టినవి కట్టినట్టే ఇళ్లకు వెళ్లాయి.

మర్నాటి నుంచి ఆమె మంచు ఉండగానే చేనుకు వచ్చి ముళ్లు విప్పడం మొదలుపెట్టింది. వెయ్యడం కంటే విప్పడం కష్టమైంది. తడికి పీలికలు బిగుసుకుపోయి గోళ్లు నొప్పెట్టాయి. రెండు పొద్దులు పట్టింది. చేటమ్మ పక్క వరుసలోనే పట్టాలు పరుచుకుంటూ తిరిగేది. ఏదైనా అడిగితే జవాబు చెప్పేది. "కర్రలు ఎన్ని కావాలి?" అంటే "ఆరు". "ఇవాళ మొదలుపెడదామా?" అంటే "రేపు". మునుపు ఇదే మనిషి ఒక కర్ర అడిగితే దాని వెనక అరగంట కబుర్లు చెప్పేది.

మొదటి దులుపు రోజున తాళాలక్క మంచినీళ్ల కూజా తనే మోసుకొచ్చింది. మంచం కింద దొరికిన బస్తాను చూపించి, "ఇది నీ కష్టం. నువ్వులు నీ దగ్గరే ఉంచుకో" అంది. చేటమ్మ ఒక కట్టను తలకిందులు చేసి రెండు దెబ్బలు తట్టి, ఊపి, వినడానికి చెవి దగ్గర పెట్టుకుని, పక్కన పడేసింది.

"అది మీదక్కా. మీదని తేల్చడానికేగా ఇంత జరిగింది" అంది. లేచి వెళ్లి బస్తాను రాశిలో కుమ్మరించి, ఖాళీ సంచిని దులిపి, మడిచి, తాళాలక్క పక్కన పెట్టింది.

రాశి నిరుటికంటే తగ్గలేదు. నిజానికి కాస్త ఎక్కువే ఉంది.

తర్వాతి నాలుగు రోజులూ కట్టలు మళ్లీ ఎండలో నిలబడ్డాయి. ఆమె మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉంది. కిటికీ దగ్గరికి వెళ్లేది, వెనక్కి వచ్చేది. మరదలు మాత్రం మునుపటిలా వాగడం మొదలుపెట్టింది. ఆ వాగుడులోనే ఒక మాట జారింది: వంతెన అవతలి రైతు చేటమ్మను రమ్మన్నాడట, గది కూడా ఇస్తానన్నాడట. గత ఏడూ పిలిచాడట, అంతకుముందు ఏడూ పిలిచాడట.

"మరి అప్పుడు ఎందుకు పోలేదు?"

"ఏమో వదినా. ఇక్కడే బాగుందంది."

రెండో దులుపు ఒక్క పూటలో అయిపోయింది. గింజ తక్కువ, చెత్త ఎక్కువ. చేటమ్మ అంతా చెరిగింది. చేట ఎగిరినప్పుడల్లా పొట్టు గాలికి పోయి, గింజ వెనక్కి చేటలోకే పడేది. చివరి బస్తా మూతి కుట్టి, దారం పళ్లతో తెంపి, సూదిని తెచ్చి తాళాలక్క చేతికిచ్చింది. గదికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి భుజాన మూట, చేతిలో స్టవ్వు, చంకలో చేట. గట్టు మీద పొడుగామె సైకిలు పట్టుకుని నిలబడి ఉంది.

"తాళంచెవి తలుపుకే ఉందక్కా."

తాళాలక్క బస్తాల పక్కన నిలబడి ఉంది. ఇక్కడే ఉండు అనాలి. నాదే తప్పు అనాలి. రాత్రంతా పడుకుని పేర్చుకున్న మాటలు ఒక్కటీ సమయానికి రాలేదు. చేటమ్మ గట్టు ఎక్కబోతుంటే వచ్చిన మాట ఇది:

"నువ్వు పోతే ఎలా?"

ముళ్లు వేసిన రోజుల్లో, పంట గురించి, అదే మాట ఆమె చేనంతా తిరిగి అంటూనే ఉంది, కట్టల మధ్య నిలబడి, కూలివాళ్ల మొహాల్లోకి చూస్తూ.

చేటమ్మ ఆగి వెనక్కి తిరిగింది. మొహంలో ఎత్తిపొడుపేమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టే చెప్పింది.

"ఒక్క గింజ కూడా పోలేదక్కా. అంతా బస్తాల్లోనే ఉంది. మూతులు విప్పి చూసుకోండి."

పంట గురించి కాదే, నీ గురించి అనడానికి తాళాలక్క నోరు తెరిచింది. అప్పటికే స్టవ్వును సైకిలుకు కట్టేశారు. ఇద్దరూ గట్టు దిగి, వంతెన వైపు తిరిగారు.

ఆమె బస్తాల మధ్య కూర్చుంది. కత్తి పక్కనే ఉంది. ఒక్క కుట్టు కోస్తే మూతి తెరుచుకుంటుంది. పొద్దు వాలేదాకా అలాగే కూర్చుంది గానీ ఒక్క బస్తా కూడా విప్పి చూడలేదు. ఆమె అలా చూడకుండా ఉండటం చూడవలసిన మనిషి మాత్రం అక్కడ లేదు.